చుక్కాని కుడి చెవి

పద్మనాభానికి అన్నం సయించడం మానేసింది.

వాళ్ళావిడ అజీర్తి అనుకుని వాము నమిలించింది. అతను వాము నమిలి, మంచినీళ్ళు తాగి, కంచం ముందు నుంచి అలాగే లేచిపోయేవాడు. ఆఫీసులో ఏమన్నా గొడవా అని అడిగితే లేదనేవాడు. నిజమే, గొడవ ఆఫీసులో కాదు. మా ప్రెస్సులో. ఆ వేళకి నేనక్కడే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

మా సంగతి ముందు చెప్పాలి. కాకినాడలో చిన్న తెరచాప పడవలు కట్టుకునే పిచ్చాళ్ళం కొందరం ఉన్నాం. మూరెడు పడవలు. మనిషి ఎక్కేవి కావు, మోటారు లేదు, రిమోటూ లేదు. గాలికి తెరచాప లాగుతుంది, తెరచాపకి కట్టిన దారాలు చుక్కానిని లాగుతాయి, పడవ తన దారి తనే చూసుకుంటుంది. పాడుబడిన ఉప్పుమడుల దగ్గర ఆదివారం పూట వదులుతాం. మా ఆడవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు. నవ్వనీండి.

వదులుతాం అన్నానే గానీ, నేను పడవలు కట్టను. కట్టేవాళ్ళకి టీ తెప్పిస్తాను. నాకో చిన్న ప్రెస్సు ఉంది. 'చిరునావ' అని మా సంఘం పుస్తకం మూణ్ణెల్లకోసారి అక్కడే అచ్చవుతుంది. ఆ పుస్తకానికి సంపాదకులు మొహిద్దీన్ మాస్టారు. డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మాట తక్కువ మనిషి. ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందు నాలుగు దగ్గులు రావాలి.

మాటలు తక్కువే గానీ నియమాలు ఎక్కువ. ఒక కాగితం మీద రాసి మా ప్రెస్సు గోడకి అంటించారు. కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే వెయ్యాలి. ఒక వస్తువుకి ఒకటే పేరు, ఈ సంచికలో చుక్కాని అన్నది పై సంచికలోనూ చుక్కానే. బొమ్మ ఏదైనా సరే, పడవ ముక్కు చదివేవాడికి అవతలి వైపే ఉండాలి. కుడి ఎడమలు పడవలో కూర్చుని ముందుకి చూసేవాడి కుడి ఎడమలే. ఒడ్డు మీద నిలబడి చూసేవాడివి కావు.

ఎందుకండీ ఇవన్నీ అని అడిగితే, "పెట్టుకున్నాం కదా" అనేవారు. అంతే. ఆ పైన దగ్గు.

పద్మనాభం ఆయన శిష్యుడు. ఇన్సూరెన్సు ఆఫీసులో పని, ముప్ఫై దాటిన వయసు. సాయంత్రం ఆఫీసు నుంచి సరాసరి మా ప్రెస్సుకి వచ్చేసేవాడు. మాస్టారి పక్కన కూర్చుని దిద్దుబాటు నేర్చుకున్నాడు, పడవ కట్టడం నేర్చుకున్నాడు. మాస్టారి సంచీ ఆయన్ని మొయ్యనిచ్చేవాడు కాదు. అంత గౌరవం. అయితే అతనికి కలం మీద మంచి పట్టుంది, ఆ సంగతి అతనికి తెలుసు కూడా. అక్కడే వచ్చింది చిక్కు.

"ఇలా అన్నీ ఒక్కలాగే రాస్తే పంచాంగంలా ఉంటుందండీ" అనేవాడు మాస్టారు లేనప్పుడు నాతో. "చదివేవాడికి బుర్ర ఉంటుంది కదా సూర్రావు గారూ. ఆమాత్రం అర్థం చేసుకోడూ?"

నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నాకేం తెలుసు, ఇంకు ధర గురించి అడగండి చెబుతాను.

కొత్తగా చేరేవాళ్ళ కోసం 'మొదటి పడవ' అని మాస్టారు ఒక వ్యాసం మొదలెట్టారు. రెండు భాగాలు. మొదటి భాగంలో పడవ ఒళ్ళు, పైబల్ల, తెరచాప దారాలు కిందికి దిగడానికి పైబల్లలో రెండు రంధ్రాలు. ఏది ఎడమ రంధ్రమో ఏది కుడి రంధ్రమో పెన్సిలుతో గుర్తు పెట్టుకోమని కూడా రాశారు. రెండో భాగంలో ఆ దారాలు తీసుకెళ్ళి చుక్కానికి కట్టడం. చుక్కాని తల మీద అటొకటి ఇటొకటి రెండు చెవులుంటాయి. ఎడమ దారం కుడి చెవికి, కుడి దారం ఎడమ చెవికి. అడ్డంగా దాటించి కట్టాలి. దాటిస్తేనే గాలి గట్టిగా కొట్టినప్పుడు చుక్కాని పడవని నిలబెడుతుంది. దాటించకపోతే ఇంకా తిప్పేస్తుంది. పడవంటే ఇంతేనండి, మిగతాదంతా రంగులు.

రెండో భాగం రాసే వేళకి మాస్టారికి కంటి ఆపరేషనయింది. కట్టు కట్టుకుని ఇంట్లో పడుకున్నారు. ఆ సంచిక మొత్తం పద్మనాభం చేతిలో పెట్టారు.

పద్మనాభం ప్రాణం పెట్టి చేశాడు, కాదనను. వ్యాసం చదువుతుంటే కథ చదివినట్టుండేది. బొమ్మ మటుకు తిప్పేశాడు. పడవ ముక్కు చదివేవాడి వైపుకి వచ్చేట్టు, తెరచాప విప్పుకుని మన మీదికే వస్తున్నట్టు వేశాడు. చాలా అందంగా ఉంది, నేనే మెచ్చుకున్నాను. బొమ్మ తిప్పాక, దానికి తగ్గట్టు కుడి ఎడమలు కూడా బొమ్మని చూసేవాడి వైపు నుంచి రాసేశాడు. ఆ సంచిక ఒక్కటీ చదివితే తప్పేం లేదు. దారాలు దాటుకునే ఉన్నాయి.

కట్టు విప్పాక మాస్టారు సంచిక చూశారు. బొమ్మ దగ్గర ఆగారు.

"ముక్కు ఇటు తిరిగింది" అన్నారు.

"అందంగా ఉందని తిప్పానండి మాస్టారూ" అన్నాడు పద్మనాభం నవ్వుతూ.

మాస్టారు పేజీ తిప్పేశారు. ఆ సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాం.

మళ్ళీ వానలొచ్చాయి. ఒక మధ్యాహ్నం ప్రెస్సుకి ఒక పెద్దాయన వచ్చారు. తెల్ల చొక్కా, తడిసిన పంచె, చేతిలో ప్లాస్టిక్ కవరు. కవరులో మా పుస్తకాలు రెండు. తాళ్ళరేవు నుంచి వచ్చానన్నారు. పేరు చుండ్రు సుబ్బారాయుడు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మేన్‌గా చేసి దిగిపోయారట. ఆ రోజు పద్మనాభం సెలవు పెట్టి ప్రూఫులు చూస్తున్నాడు. మాస్టారు ఊళ్ళో లేరు.

కూర్చోండి అంటే కూర్చోలేదు ఆయన.

"మా అబ్బాయి పండు మీ పుస్తకం తెప్పించుకునేవాడండి" అన్నారు. "ఫణీంద్ర అని రాసుంటుంది మీ దగ్గర. ఈ పడవ వాడు మొదలెట్టాడు. పైబల్ల వేశాడు, రంధ్రాలు పెట్టాడు. అంతలో కామెర్లొచ్చి పోయాడండి."

పద్మనాభం కలం కింద పెట్టాడు.

"పోయాక ఈ రెండో పుస్తకం పోస్టులో వచ్చిందండి, వాడి పేరు మీద. వాడు ఏ పనీ పూర్తిగా చేసిన పాపాన పోలేదు. డిగ్రీ సగం, ఐటిఐ సగం. దానికోసం నేను తిట్టని రోజు లేదు. సరే, ఇదొక్కటీ అన్నా నేను పూర్తి చేద్దామని కూర్చున్నానండి. మా కరెంటు పనిలో రాసింది రాసినట్టు చెయ్యకపోతే ప్రాణాలు పోతాయి. అలాగే చేశాను. మొన్న వాడి సంవత్సరీకం. ఆ వేళ కాలవలో వదిలాను."

మా మెషీను చప్పుడు ఎక్కువగా ఉందని నేను ఆపించాను.

"గాలికి చక్కగా లేచిందండి. లేచి గిరగిరా తిరగడం మొదలెట్టింది. తిరిగి తిరిగి పక్కకి ఒరిగి నీళ్ళు తాగేసింది. పోటు తీసి నీళ్ళు సముద్రంలోకి లాగే వేళ కదా, వంతెన కిందకి లాక్కుపోయింది. నేను పీకల్లోతు దిగాను గానీ దొరకలేదు." ఆయన కవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "పడవ పోతే పోయింది. తప్పు ఎవరిదో చెబుతారేమోనని వచ్చానండి. నాదా, వాడిదా?"

అది అడగడానికి తాళ్ళరేవు నుంచి వానలో బస్సెక్కి వచ్చారు ఆయన. పద్మనాభం రెండో పుస్తకం ఒక్కటే తీసుకున్నాడు. తను రాసిన పేజీ తీశాడు, ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. అందులో తప్పు కనబడలేదు. కనబడదు కదా.

"ఇందులో ఉన్నట్టే కట్టారా?"

"అక్షరం దాటలేదండి."

"మరైతే, మీ అబ్బాయి రంధ్రాలకి గుర్తులు తిరగేసి పెట్టి ఉంటాడండి" అన్నాడు పద్మనాభం. మెల్లగానే అన్నాడు, జాలిగానే అన్నాడు. "కొత్తవాళ్ళు చేసే పొరపాటే అది."

ఆ పెద్దాయన తలాడించారు.

"అంతే అయ్యుంటుందండి. వాడెప్పుడూ అంతే" అన్నారు. పుస్తకాలు కవర్లో పెట్టుకుని, ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక పద్మనాభం ప్రూఫులు చూడలేకపోయాడు. బీరువాలోంచి మొదటి భాగం ఉన్న సంచిక తీసి రెండో దాని పక్కన పెట్టాడు. చాలాసేపు చూశాడు. ఆ తరవాత నా బల్ల మీది దారపు ఉండలోంచి రెండు ముక్కలు తెంపి, అగ్గిపెట్టె మీద పరిచి ఏదో చేశాడు.

నాకు అర్థమయ్యేట్టు చెప్పమన్నాను. చెప్పాడు. రంధ్రాల గుర్తులు ఆ కుర్రాడు మొదటి భాగం చూసి పెట్టాడు, పడవలో కూర్చున్నవాడి ఎడమ. చుక్కాని చెవులు ఆ తండ్రి రెండో భాగం బొమ్మ చూసి పోల్చుకున్నాడు, ఎదురుగా నిలబడ్డవాడి కుడి. రెండూ ఒకే పక్కకి వచ్చేశాయి. దారాలు దాటుకోలేదు.

"ఆ అబ్బాయి సరిగ్గానే పెట్టాడండీ" అన్నాడు. "నేను..."

అతని అన్నం మానడం ఆ రోజు నుంచే మొదలు.

మాస్టారు ఊరి నుంచి వచ్చేదాకా అతను ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పొద్దన్నాడు. కక్కలేక మింగలేక అన్నట్టు తిరిగాడు. తాళ్ళరేవు ఎంత దూరమండీ, బస్సెక్కితే గంట. ఒకసారి బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాడట. నాకు చచ్చే కోపం వచ్చింది. చదువుకున్నవాళ్ళ సిగ్గు ఇలాగే ఉంటుంది, ఎదుటివాడి ప్రాణం పోతున్నా తమ పరువు ముందు సర్దుకుంటారు. ఆ మాట మొహమ్మీదే అన్నాను.

మాస్టారు వచ్చారు. పద్మనాభం ఆయన ముందు నిలబడి అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు, ఆ కుర్రాడి మీదికి తప్పు తోసేసిన మాటతో సహా చెప్పాడు. చెప్పి, జేబులోంచి ఒక కాగితం ముక్క తీశాడు.

"సవరణ రాశానండి. వచ్చే సంచికలో వేద్దాం. ఆఖరి పేజీలో చోటుంది."

మాస్టారు కాగితం అందుకుని చదివారు. నాలుగు లైన్లే. 'గత సంచికలలో వెలువడిన వ్యాసంలోని దిశల సూచనలలో కొంత అస్పష్టత చోటుచేసుకున్నందున...' అని ఉంది. మడిచి అతని చేతికే ఇచ్చేశారు. లేచి మూల ఉన్న గొడుగు తీసుకున్నారు.

"సూర్రావ్, కారు ఉందా?"

ఉందన్నాను.

"పద" అన్నారు పద్మనాభంతో.

దారంతా వానే. నా కారుకి ఒక వైపర్ పని చెయ్యదు, అది పద్మనాభం కూర్చున్న వైపుది. అతను ఆ మసక అద్దంలోంచే రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

ఐసు ఫ్యాక్టరీ వెనకాల సుబ్బారాయుడు గారి ఇల్లు. ఒకటే గది, ముందు వసారా. వసారాలో నవారు మంచం, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు. గోడకి పండు ఫోటో ఉంది. పల్చటి మనిషి, దువ్వినా వినని జుట్టు. ఫోటో కింద బల్ల మీద పడవ నిలబెట్టుకునే చెక్క కాళ్ళు అలాగే ఉన్నాయి. వాటి మీద పడవ లేదు.

మమ్మల్ని చూసి ఆయన కంగారు పడ్డారు. తుండుతో కుర్చీలు తుడిచారు. టీ పెడతానన్నారు, ఇంట్లో ఆడవాళ్ళు లేరు, తనే పెట్టాలి. మాస్టారు వద్దని ఆయన చెయ్యి పట్టుకుని మంచమ్మీద కూర్చోబెట్టారు. పద్మనాభం ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"పుస్తకాలు ఒకసారి ఇస్తారాండీ" అన్నాడు.

ఇచ్చారు. పద్మనాభం రెండో పుస్తకం తన ఒళ్ళో తెరుచుకుని మొదలెట్టాడు. మాటలు బాగా వచ్చినవాడు కదండీ. దిక్కులు చెప్పడంలో రెండు పద్ధతులుంటాయనీ, పడవల వాళ్ళది ఒకటి, చిత్రాలు గీసేవాళ్ళది ఒకటి అనీ, రెండు సంచికల మధ్య పద్ధతి మారినప్పుడు కొందరికి కొంత గందరగోళం కలిగే అవకాశం ఉందనీ చెప్పుకుంటూ పోయాడు. పేజీ తన వైపుంది. ఆ పెద్దాయన మెడ వంచి, తలకిందులుగా ఉన్న బొమ్మని చూడటానికి అవస్థ పడుతున్నారు. అర్థమైనా కాకపోయినా "ఆయ్, ఆయ్" అంటున్నారు.

నాకు చెవుల్లో సీసం పోసినట్టుంది. తప్పు నాదండి అనడానికి ఇన్ని మాటలెందుకు?

మాస్టారు లేచారు. పద్మనాభం వెనక్కి వెళ్ళి భుజం మీద చెయ్యేశారు.

"లే."

పద్మనాభం అర్థం కాక లేచాడు. మాస్టారు అతన్ని భుజం పట్టుకునే నడిపించి, తీసుకెళ్ళి మంచమ్మీద సుబ్బారాయుడు గారి పక్కన కూర్చోబెట్టారు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. పుస్తకం వాళ్ళిద్దరి మధ్యా పెట్టారు. పడవ ముక్కు ఇప్పుడు వాళ్ళిద్దరి వైపుకీ ఉంది.

"ఇక్కణ్ణించి చదువు" అన్నారు. "గట్టిగా. ఆయన చేసినట్టు చేద్దాం."

పద్మనాభం గొంతు సవరించుకున్నాడు. "ఎడమ రంధ్రం నుంచి దిగిన దారాన్ని తీసుకోండి" అని చదివాడు.

సుబ్బారాయుడు గారు పక్కన దారం ముక్క ఏదన్నా ఉందేమోనని వెతికారు గానీ దొరకలేదు. ఊరికే వేళ్ళతో దారం పట్టుకున్నట్టు పట్టుకున్నారు. "ఎడమ అని మావాడు పెన్సిలుతో రాశాడండి. 'ఎ' అని. ముక్కు నా వైపు పెట్టుకుంటే అది ఇటొచ్చింది" అని బొమ్మలో తన కుడి చేతి వైపున్న రంధ్రం మీద వేలు పెట్టారు.

మాస్టారు తలాడించారు. పద్మనాభం తరవాతి వాక్యం చదవాలి.

"దానిని చుక్కాని... కుడి చెవికి..."

చదువుతూ ఉండగానే అతని వేలు బొమ్మ మీదికి వెళ్ళింది. అటుపక్క నుంచి ఆ పెద్దాయన వేలు కూడా వెళ్ళింది. రెండు వేళ్ళూ ఒక్క చోటే ఆగాయి. రంధ్రం ఉన్న పక్కనే. అక్కడ కూర్చుంటే ఇంకెక్కడా ఆగవండి. రాసినవాడి వేలే అక్కడ ఆగింది.

పద్మనాభం వేలు తియ్యలేదు. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు కూడా.

"ఇలాగే కట్టానండి" అన్నారు సుబ్బారాయుడు గారు. "ఇది తప్పాండీ?"

"తప్పేనండి."

"అయితే తప్పు నాదన్నమాట."

"కాదండి."

"పోన్లెండి, వాడిదే. మీరు అప్పుడే చెప్పారు కదా."

"కాదండీ" అన్నాడు పద్మనాభం. "మీ అబ్బాయి గుర్తులు సరిగ్గా పెట్టాడు. మీరు రాసింది రాసినట్టు కట్టారు. నేను తప్పు రాశాను. బొమ్మ అందంగా ఉంటుందని తిప్పేసి, మొదటి భాగంతో పోల్చి చూసుకోకుండా రాసేశాను. ఆ రోజు మీరొచ్చినప్పుడు కూడా చూసుకోకుండా ఆ అబ్బాయిని అనేశాను."

"నేను చూశాను" అన్నారు మాస్టారు. ఆయన ఇంకా నిలబడే ఉన్నారు. "బొమ్మ తిరిగిందని చూశాను. చూసి ఊరుకున్నాను."

సుబ్బారాయుడు గారు మా ముగ్గురి వంకా చూశారు. కోపం తెచ్చుకుంటారనుకున్నాను. తెచ్చుకుంటే చెప్పుచ్చుకు కొట్టినా పడడానికి పద్మనాభం సిద్ధంగా ఉన్నాడు, మొహం చూస్తే తెలుస్తోంది.

"రెండు గుర్తులూ సరిగ్గానే ఉన్నాయాండీ?" అని అడిగారు ఆయన.

"రెండూనండి."

"రంధ్రాల దూరం?"

"అదీ సరిగ్గానే ఉండుంటుందండి. లేకపోతే అసలు అంత బాగా లేవదు."

"లేచిందండి. చాలా చక్కగా లేచింది" అన్నారు. లేచి ఫోటో దగ్గరికి వెళ్ళారు. తుండుతో ఫోటో అద్దం ఒకసారి తుడిచారు, దాని మీద దుమ్మేం లేదు.

బయట వాన కాస్త తగ్గింది. ఐసు ఫ్యాక్టరీ లోంచి నీళ్ళు కాలవలోకి పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ రోజు పడవ తిరుగుతుంటే నేను ఒడ్డున నిలబడి వాణ్ణి తిట్టానండి" అన్నారు, మా వైపు తిరక్కుండానే. "సంవత్సరీకం రోజు. చుట్టాలందరి ముందూ. ఒక్క పని తిన్నగా చేసి చావవేంరా అన్నాను. చచ్చినవాణ్ణి పట్టుకుని అదే మాట. మా చెల్లెలు నోరు మూసింది నాది. అయినా ఆగలేదు. ఇంటికొచ్చి కూడా ఈ ఫోటో ముందు నిలబడి తిట్టాను. మీ దగ్గరికి వచ్చి వెళ్ళాక ఇంకోసారి తిట్టాను."

పద్మనాభం మంచమ్మీద నుంచి దిగి ఆయన ముందుకి వెళ్ళాడు. కాళ్ళు పట్టుకోబోతే ఆయన వెనక్కి జరిగారు.

"నన్ను తిట్టండి బాబాయిగారూ" అన్నాడు. "ఆ తిట్లన్నీ నావి. నన్ను తిట్టండి."

ఆయన అతని మొహం వంక చూశారు. ఎంత వెతికినా ఆ మొహంలో ఆయనకి కోపం తెచ్చుకునే వస్తువు దొరకలేదనుకుంటాను. తల అడ్డంగా ఊపారు.

"నా దగ్గర ఇంకేం మిగల్లేదు బాబూ. అన్నీ వాణ్ణే అనేశాను."

కాసేపటికి ఆయనే సర్దుకుని, టీ పెడతానంటూ లోపలికి వెళ్ళారు. ఈసారి మాస్టారు వద్దనలేదు. నలుగురం తాగాం. పంచదార ఎక్కువైంది, ఎవరూ ఆ మాట అనలేదు. వచ్చేసేటప్పుడు ఆయన గేటు దాకా వచ్చి, వానలో జాగ్రత్తగా వెళ్ళమన్నారు. పుస్తకాలు రెండూ మంచమ్మీదే ఉండిపోయాయి. మేం తీసుకోలేదు, ఆయన లోపల పెట్టుకోనూ లేదు.

కారు ఊరి పొలిమేర దాటాక పద్మనాభం జేబులోంచి ఆ సవరణ కాగితం తీసి చింపేశాడు. ముక్కలు పారెయ్యకుండా మళ్ళీ జేబులోనే వేసుకున్నాడు.

"మళ్ళీ రాస్తానండి" అన్నాడు. "తప్పు నాదని రాస్తాను. ఆ అబ్బాయి పేరు వేసి, గుర్తులు అతను సరిగ్గానే పెట్టాడని రాస్తాను. ఆఖరి పేజీలో వద్దు. మొదటి పేజీలో, పెద్దక్షరాలతో వేద్దాం."

"వెయ్యి" అన్నారు మాస్టారు.

చాలా దూరం వచ్చాం. రెండు పక్కలా ఉప్పుమడులు, నీళ్ళతో నిండిపోయి ఉన్నాయి. గట్లు కూడా కనబడటం లేదు.

"మొదటి పేజీలో వేసినా ఆయన చూడరేమో. మన పుస్తకం ఇక తియ్యరు కదండీ మాస్టారూ?" అన్నాడు పద్మనాభం.

మాస్టారు దగ్గారు. ఆగి, మళ్ళీ దగ్గారు.

"తియ్యరు" అన్నారు. "అందుకే వచ్చాం."